పెరిక నుండి ప్లాస్టిక్ సంచి వరకు
(ఉత్తరాంధ్రమున సంచుల పరిశ్రమ – దాని యజమానులు)

రాజ్యములకు చరిత్రలు కలవు. దేవాలయములకు స్థలపురాణములు కలవు. యుద్ధములు చేసినవారి పేర్లు శాసనములయందు నిలిచియున్నవి. కాని పండిన పంటను కళ్ళము నుండి ఇంటికి, ఇంటి నుండి అంగడికి, అంగడి నుండి దేశాంతరములకు చేర్చిన సంచికి చరిత్ర వ్రాసినవారు అరుదు. సంచిలోని సరుకునకే విలువ కాని సంచికి విలువ యేమున్నదని లోకము తలచును. సరుకు దిగిన వెంటనే సంచి మూలకు చేరును. అయినను ఒక ప్రాంతపు ప్రజలు ఏమి పండించిరో, ఎవరికి అమ్మిరో, ఎవరి చేతిక్రింద పనిచేసిరో తెలిసికొనుటకు ఆ మూలనున్న సంచిని విప్పి చూచుటకంటె మేలైన మార్గము లేదు.

నరసన్నపేట మద్రాసు – కలకత్తా రాజమార్గముపై నున్న ఊరు. చుట్టును వంశధార నీటితో పండు వరిపొలములు. ఊరిచెంతను ధాన్యపు మిల్లులు. అట్టి మిల్లు ఆవరణములోనికి నేడు పోయి చూచినచో రెండు విధములైన సంచులు కనబడును. ప్రభుత్వమునకు పోవు బియ్యము గోధుమవన్నె గోనెసంచులయందు నిండియుండును. బజారునకు పోవు బియ్యము రంగురంగుల బొమ్మలతో నిగనిగలాడు ప్లాస్టిక్ సంచులయందు నిండియుండును. రెండింటిలోని బియ్యము ఒకే పొలమున పండినది కావచ్చును. సంచులు మాత్రము ఒకే తల్లి బిడ్డలు కావు. వాని ముడిసరుకు వేరు, వానిని చేయువారు వేరు, వాని లాభమనుభవించువారు వేరు. ఈ రెండు సంచులు ఒకేచోటికి ఎట్లు చేరినవో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పెరికలు

గోనె అనుమాట మనకు ప్రాచీనమైనది. సంస్కృతమున దానిని గోణి యందురు. ఆంగ్లేయులు మన దేశమునకు వచ్చి ఈ మాటనే విని ‘గన్నీ’ యని పలికిరి. నేడు ప్రపంచమంతటను వర్తకులు వాడు ఆ మాట మన సంతల నుండి పోయినదే.

రహదారులు, రైళ్లు లేని కాలమున సరుకులు ఎద్దుల వీపులపై సాగెడివి. ఎద్దు వీపునకు ఇరుప్రక్కల వ్రేలాడునట్లు కట్టు జోడుసంచికి పెరిక యని పేరు. ఈ సంచులను నేసి, వానిలో ఉప్పు, ధాన్యము నింపి, ఎద్దులపై తోలుకొనిపోయి అమ్ముకొనువారికి ఆ సంచిపేరే కులనామమైనది. 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథమున దక్షిణదేశపు కులములను వర్ణించుచు పెరికవారిని గూర్చియు వ్రాయబడినది. నౌపడ వంటి తీరప్రాంతములలో పండిన ఉప్పు కనుమల మీదుగా కొండసీమలకు ఎక్కుటకును, అచటి దినుసులు తీరమునకు దిగుటకును ఈ ఎద్దులబారులే ఆధారము.

వీరి పనియందు గమనింపదగిన విషయ మొకటి కలదు. జనుము పొలమున వేయుట, దానిని కోసి నీట నానవేసి నార తీయుట, నార వడికి త్రాడు చేయుట, త్రాటిని నేసి పట్ట చేయుట, పట్టను కుట్టి సంచి చేయుట, ఆ సంచిలో సరుకు పోసి మోసికొనిపోవుట — ఇవన్నియు ఒక ఇంటివారి చేతులమీదుగనే జరుగుట కలదు. ముసలివారు వడికిరి, స్త్రీలు నార చీల్చిరి, పురుషులు నేసిరి. ముడిసరుకు ఊరిది, పని ఇంటిది, యజమాని ఆ ఇంటివాడే. నేడు ‘కుటుంబ యాజమాన్యమున నడచు ప్యాకింగు పరిశ్రమ’ అని మనము పిలుచుదానికి మన ప్రాంతమున మొదటి రూపము ఇదియే. దానికి కంపెనీ పేరు లేదు, లెక్కల పుస్తకము లేదు. అందుచేతనే దాని చరిత్రయు మిగులలేదు.

భీమిలి నార

ఈ పరిశ్రమను ఇంటినుండి బయటకు తెచ్చినది సముద్రవర్తకము. గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్న భీమునిపట్టణమున పదునేడవ శతాబ్దిలో డచ్చివారు స్థావరము వేసికొనిరి. 1824 నాటి సంధి ననుసరించి 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా వర్తక సంస్థలు అచ్చట గిడ్డంగులు కట్టి, నువ్వులు, నీలిమందు, కరక్కాయలతో పాటు నారనుకూడ ఓడల కెక్కించినవి.

ఈ నార బెంగాలునందు పండు జనపనార కాదు. ఇది గోగునార. మనము ప్రతిదినము పచ్చడి చేసికొను గోంగూరకు దగ్గరి చుట్టమైన గోగుమొక్క కాండమునుండి తీయబడునది. శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ మండలములలోని మెట్టభూములు దీనికి అనుకూలమైనవి. తొలకరి వానలకు విత్తి, పూత పట్టు వేళకు కోసి, కట్టలు కట్టి చెరువులలోను గెడ్డలలోను పదునైదు దినములకు అటునిటుగా నాననిచ్చి, బెరడు మెత్తబడిన తరువాత నార ఊడదీసి, కడిగి, ఎండబెట్టుదురు. నారకు ‘భీమిలి జ్యూటు’ అను వర్తకనామము వచ్చినది. కలకత్తాలోను, లండనులోను వర్తకుల పత్రములలో ఉత్తరాంధ్రపు రైతు పంట ఈ పేరుతోనే చెలామణి అయినది.

ఈ పంట రైతునకు మంచి అక్కర తీర్చెను. నీటివసతి లేని చెక్కలో పండును. ఎరువు హెచ్చుగా అడుగదు. ధాన్యము తిండికి ఉండగా నార రొక్కమునకు ఉపయోగపడెను. పన్ను కట్టుటకును, పెండ్లికి చీర కొనుటకును, షావుకారు బాకీ తీర్చుటకును నార అమ్మకమే దిక్కైన ఇండ్లు ఎన్నియో కలవు. కాని నార తీయుట సులభమైన పని కాదు. కుళ్లుకంపు కొట్టు నీటిలో మొలలోతున నిలిచి దినమంతయు కాండములు దులుపవలెను. ఆ కష్టము చేసినవారిలో అధికభాగము కూలివారే. వారి పేర్లు ఏ వర్తకనామములోను చేరలేదు.

మిల్లులు వచ్చుట

ఇంతలో ప్రపంచమున పెద్దమార్పు కలిగినది. 1853 – 56 నడుమ జరిగిన క్రిమియా యుద్ధమువలన రష్యా నుండి అవిసెనార రాక తగ్గిపోగా, స్కాట్లండులోని డండీ పట్టణపు మిల్లులు బెంగాలు జనపనారను ఆశ్రయించినవి. 1855లో జార్జి ఆక్లండు అనునతడు కలకత్తా చేరువనున్న రిష్రాలో భారతదేశపు మొదటి జనపనార మిల్లును నెలకొల్పెను. పాఠకులు ఈ రిష్రా పేరును జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల అవసరమగును.

మన ప్రాంతమున భీమునిపట్టణమునకు సమీపముననున్న చిట్టివలసలో ఇరువదవ శతాబ్ది తొలి దినములకే గోనెమిల్లు నడచుచుండెను. తరువాత చంపావతీ తీరమున విజయనగరమునకు దాపున నెల్లిమర్లలోను మిల్లు వెలసినది. నార నూనెనీళ్లతో మెత్తబరచుట, దువ్వుట, సాగదీయుట, వడకుట, నేయుట, కత్తిరించుట, కుట్టుట — పెరికవారి ఇంటిలో జరిగిన పనులన్నియు ఇచ్చట వేరువేరు శాలలలో, ఆవిరియంత్రముల హోరులో సాగినవి. చుట్టుప్రక్కల గ్రామములనుండి వేలకొలది జనులు పనికి వచ్చిరి. మిల్లు కూత విని లేచుట, కూత విని పరుండుట ఆ ఊళ్లకు అలవాటైనది. చిట్టివలస, నెల్లిమర్ల అనునవి గ్రామనామములైయుండియు మిల్లు పేర్లుగనే లోకమునకు తెలిసినవి.

అయినను యాజమాన్యము స్థానికము కాదు. నాటి పద్ధతి ననుసరించి ఇట్టి మిల్లులు దూరమున నున్న మేనేజింగ్ ఏజెన్సీ సంస్థల పెత్తనమున నడచెడివి. నార ధర ఎంత, సంచి ధర ఎంత, ఎన్ని మగ్గములు ఆడవలెను, ఎన్ని ఆగవలెను అను నిర్ణయములు చంపావతీ గోస్తనీ తీరములయందు జరిగినవి కావు. ముడిసరుకు ఊరిది, పనిచేయు చేయి ఊరిది. యజమాని మాత్రము ఊరివాడు కాడు. పెరికల ఇంటికిని, గోనెమిల్లునకును గల ముఖ్యభేద మిదియే. 1970లో చట్టము మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతిని రద్దు చేసినది. మిల్లులు చేతులు మారినవి. కాని పెత్తనము ఊరికి దగ్గర కాలేదు.

దేశవిభజన గోగునారకు అనుకోని గౌరవము తెచ్చినది. 1947లో జనపనార పండు పొలములలో పెద్దభాగము తూర్పు పాకిస్తానమునకు పోయినది. మిల్లులు భారతదేశమున మిగిలినవి. 1949లో భారతదేశము రూపాయి విలువను తగ్గింపగా పాకిస్తానము తగ్గింపలేదు. ఉభయదేశముల నడుమ నార వర్తకము స్తంభించెను. మిల్లులకు నార కావలెను. అప్పుడు గోగుపంటకు ఎన్నడు లేని ఆదరము కలిగినది. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానము గోగును తన ముఖ్య పరిశోధనాంశములలో ఒకటిగా చేసికొని మేలురకములను రైతుల కందించినది. 1971లో ఏర్పడిన భారత జనపనార సంస్థ మద్దతుధరకు నార కొను బాధ్యతను వహించినది.

క్రొత్త పదార్థము

గోనె ఇట్లు నిలద్రొక్కుకొనియున్న కాలముననే దానికి పోటీదారు పుట్టి పెరుగుచుండెను. 1933 మార్చి 27వ తేదీన ఇంగ్లండులోని విన్నింగ్టన్ అనుచోట ఐ.సి.ఐ. సంస్థ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అను ఇరువురు రసాయనవేత్తలు మిక్కిలి ఒత్తిడిలో రసాయనములను కలిపి చూచుచుండగా పాత్ర అడుగున మైనమువంటి తెల్లని పదార్థము మిగిలినది. వారు దానిని కోరి చేసినవారు కారు. అదియే పాలిథీను. రెండవ ప్రపంచయుద్ధమున రాడారు తీగలకు తొడుగుగా అది ఉపయోగపడెను. 1953లో జర్మనీయందు జీగ్లరు, 1954లో ఇటలీయందు నట్టా జరిపిన పరిశోధనలవలన సామాన్యమైన ఒత్తిడిలోనే గట్టి ప్లాస్టిక్కులను చేయుట సాధ్యమైనది. పాలిప్రొపిలీను వాడుకకు వచ్చినది. వారిరువురకు 1963లో నోబెలు బహుమానము లభించెను.

భారతదేశమున పాలిథీను తయారీ 1959లో ఆరంభమైనది. ఏ ఊరిలో? ఆ రిష్రాలోనే. నూరుసంవత్సరములకు పూర్వము మొదటి గోనెమిల్లు లేచిన ఊరిలోనే గోనెను త్రోసిపుచ్చబోవు పదార్థము మొదట చేయబడుట చరిత్రలోని వింతలలో ఒకటి.

ప్లాస్టిక్ సంచి నేయు విధానము తెలియనివారు అది కాగితమువలె పోతపోయబడునని తలతురు. అది నిజము కాదు. ప్లాస్టిక్ గింజలను కరగించి పలుచని పొరగా తీయుదురు. ఆ పొరను సన్నని పట్టీలుగా చీల్చి, వేడిచేసి బలముగ సాగదీయుదురు. సాగినకొలది పట్టీకి బలము హెచ్చును. ఆ పట్టీలను గుండ్రముగా తిరుగు మగ్గముపై నేసినచో గొట్టమువంటి బట్ట ఎడతెగక వచ్చును. దానిని కావలసిన పొడవున కోసి, అడుగు కుట్టి, పైన బొమ్మ అచ్చువేయుదురు. అనగా ఇదియును నేతయే. జనుపపోగు స్థానమున ప్లాస్టిక్ పట్టీ వచ్చినది. మగ్గము మాత్రము పోలేదు.

రెండు సంచుల బరువు పోల్చినచో వర్తకుడు ఎందుకు మారెనో తెలియును. 50 కిలోల ధాన్యము పట్టు గోనెసంచి సుమారు 580 గ్రాములు తూగును. అంతే బరువు పట్టు ప్లాస్టిక్ సంచి నూరు గ్రాములకు కొంచెము అటునిటుగా తూగును. అది చవక. తడిసినను కుళ్లదు. యూరియా తేమ పీల్చదు. సిమెంటు పొడి రాలదు. ఇట్లు మొదట ఎరువులు, పిదప సిమెంటు, ఆ తరువాత పంచదార, పిండి, బియ్యము ఒకదాని వెనుక నొకటి గోనెను విడిచినవి.

యజమాని మరల ఊరివాడగుట

ఈ మార్పునందు ప్రజలు ఎక్కువగా గమనింపని విశేషమొకటి కలదు. గోనెమిల్లు పెట్టవలెనన్న వందల ఎకరముల స్థలము, వేలకొలది కార్మికులు, విశేషమైన మూలధనము కావలెను. ప్లాస్టిక్ పరిశ్రమను చిన్నశాలలో, కొలదిమందితో, బ్యాంకు అప్పుతో ఆరంభింపవచ్చును. అందుచేత 1970, 80 దశకములనుండి అన్నదమ్ములు, బావమరదులు, స్నేహితులు కలిసి ఇట్టి కర్మాగారములను నెలకొల్పిరి. ఒకరు యంత్రము చూచుట, ఒకరు అప్పులు వసూలు చేయుట, ఇంటి ఆడవారు లెక్కలు వ్రాయుట పరిపాటియైనది. పెరికల ఇంటి కాలము మరియొక రూపమున తిరిగి వచ్చినదా యనిపించును.

ఈ తరగతిలో తెలుగుదేశమున పెంపొందిన సంస్థకు ఉదాహరణముగా హైదరాబాదులోని మోల్డ్‌టెక్‌ను పేర్కొనవచ్చును. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటునందు చదివిన జె. లక్ష్మణరావు, అచ్చులు రూపొందించుటయందు నేర్పరియైన ఎ. సుబ్రహ్మణ్యము కలిసి 1980 దశకపు నడిమి సంవత్సరములలో దీనికి అంకురార్పణము చేసిరి. వీరు చేసినవి సంచులు కావు. మూతగల గట్టి డబ్బాలు, బక్కెట్లు. అంతకుపూర్వము గోడరంగులు, యంత్రపునూనెలు తగరపు డబ్బాలలో వచ్చెడివి. ఆ స్థానమును ప్లాస్టిక్ బక్కెటు ఆక్రమించినది. అచ్చులను బయటినుండి కొనక తమ పనిశాలలోనే తయారు చేసికొనుట ఆ సంస్థకు బలమైనది. తరువాతి కాలమున, బక్కెటు పోతపోయుచున్నప్పుడే బొమ్మచీటి దానియందు కలిసిపోవు విధానమును చేపట్టి, చీటీలను అచ్చులో నిలుపు మరచేతులనుకూడ తామే రూపొందించుకొనిరి. స్టాకు మార్కెటున వాటాలు అమ్మి ప్రజల ధనము సేకరించినను, స్థాపకుల కుటుంబములే సారథ్యము వహించుట మానలేదు. రంగుల కర్మాగారము విశాఖపట్టణ మండలమున వెలసినప్పుడు దాని వెంట ఈ సంస్థయు అచ్చట తన శాఖను తెరచినది.

ఇంట వాడి ఖాళీచేసిన అట్టి బక్కెటు మన గ్రామములలో ఎన్ని జన్మలెత్తుచున్నదో ఎరుగనివారు లేరు. అది నీళ్లతొట్టి యగును. పశువుల కుడితిపాత్ర యగును. మేస్త్రీ సున్నము కలుపు గిన్నె యగును. అడుగున చిల్లులు పొడిచినచో తులసికోట యగును. యూరియా సంచులు విప్పి కుట్టినచో కళ్ళమున ధాన్యము ఆరబోయు పట్టాయగును. వానలో కూలివాని తలపై గూడయగును. 2018 అక్టోబరు 11న పలాసకు సమీపముగ తీరము దాటిన తిత్లీ తుపాను ఇండ్ల కప్పులను ఎగురగొట్టిన దినములలో ప్లాస్టిక్ పట్టాయే ఎందరికో పైకప్పైనది. ప్లాస్టిక్కును నిందించువారు ఈ మేలును మరువరాదు.

కాని ఇచ్చట మరియొక తిరకాసు కలదు. యజమాని ఊరికి దగ్గరయ్యెను. ముడిసరుకు ఊరికి దూరమయ్యెను. ప్లాస్టిక్ గింజ మెట్టచెక్కలో మొలవదు. అది జాంనగరు, హల్దియా, పారాదీపుల వంటి చోట్ల ముడిచమురు శుద్ధిచేయు పెద్ద కర్మాగారములనుండి రావలెను. పశ్చిమాసియాలో చమురు ధర పెరిగినచో ఇచ్చట గింజ ధర పెరుగును. కుటుంబ సంస్థ యజమాని తన శాలకు యజమానియే గాని తన ముడిసరుకు ధరకు కాడు. గోనెమిల్లు కాలమున ముడిసరుకు మనది, యజమాని పరాయి. ప్లాస్టిక్ కాలమున యజమాని మనవాడు, ముడిసరుకు పరాయి. ఈ రెండింటి నడుమ నలిగినవాడు గోగురైతు.

చట్టము గీచిన గీత

గోనెకు కలిగిన ఆపదను ప్రభుత్వము చూడకపోలేదు. 1987లో పార్లమెంటు, కొన్ని సరుకులను జనపనార సంచులలోనే నింపవలెనని శాసించు చట్టమును చేసినది. ఆహారధాన్యములు, పంచదార, సిమెంటు, ఎరువులు మొదట దాని పరిధిలోనికి వచ్చినవి. సిమెంటు కంపెనీలు దీనిని సవాలు చేసినను 1996లో సుప్రీంకోర్టు చట్టమును సమర్థించెను. అయినను సిమెంటు, ఎరువులు క్రమముగా చట్టపు పట్టునుండి జారిపోయినవి. పంచదారకు నియమించిన వంతు తగ్గిపోయినది. ధాన్యమునకు మాత్రము నియమము మిగిలినది. మిల్లు ఆవరణములో రెండు సంచులు ప్రక్కప్రక్కన నిలుచుటకు కారణమిదియే. గోనెను నేడు నిలుపుచున్నది బజారు కాదు, చట్టము.

చిట్టివలస సంచులు ఎంతదూరము పోయెడివో తెలుపు సాక్ష్య మొకటి న్యాయస్థానపు దస్త్రములలో నిలిచినది. మధ్యప్రదేశమునందలి రీవాలోని సిమెంటు కర్మాగారమునకు పంపిన గోనెసంచులను గూర్చి వివాదము పుట్టి, ఇరుపక్షములవారును వేరువేరు కోర్టులలో దావాలు వేయగా, రెండు దావాలను ఒకే న్యాయస్థానము విచారింపవలెనని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయవాదులకు అది విచారణ పద్ధతిని గూర్చిన తీర్పు. చరిత్ర తెలియగోరువానికి అది గోస్తనీ తీరపు నార వింధ్య ప్రాంతమున సిమెంటు మోసెననుటకు నిదర్శనము.

మిల్లుల చివరి దశాబ్దములు కష్టములతో నిండినవి. మాటిమాటికి మూసివేతలు, బకాయిలు, ఒప్పందములు, మరల మూసివేతలు. నెల్లిమర్లలో 1994 జనవరిలో కార్మికుల ఆందోళన సమయమున పోలీసు కాల్పులు జరిగి కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడెను. తరతరములుగ ఒకే మిల్లులో పనిచేసిన కుటుంబములు విశాఖపట్టణమునకు, ఇంకను దూరదేశములకు కూలికై తరలిపోయినవి. కుటుంబ పరిశ్రమ యనినప్పుడు యజమాని కుటుంబమునే తలచుట వాడుక. తాత నేతశాలలో, తండ్రి వడుకుశాలలో, కొడుకు కుట్టుశాలలో పనిచేసిన ఇల్లును కూడ ఆ పేరుతో పిలువదగునని ఎవరికిని తోచలేదు.

మిల్లు ఆగగా నారకు కొనువారు తగ్గిరి. కొనువారు తగ్గగా రైతు గోగును విడిచి మొక్కజొన్నకును, జీడితోటకును, నీలగిరితోటకును మరలెను. ఒకప్పుడు ఆశ్వయుజ కార్తికములలో చెరువుగట్టులన్నిటను ఆరవేసిన నార తెల్లగా మెరసెడిది. నేటి బాలురలో దానిని చూచినవారు కొలదిమంది.

సంచి వెల

ప్లాస్టిక్ సంచికిని క్రమముగ గడ్డుదినములు దాపురించినవి. చవకయే దాని గుణము. చవకయే దాని దోషమైనది. ఒకసారి వాడి పారవేయు పలుచని సంచి కాలువతూముల నడ్డగించెను. పశువుల కడుపులలో చేరెను. 2021 నాటి నిబంధనల ననుసరించి చేతిసంచి మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకును తగ్గరాదని నిర్ణయింపబడెను. ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులు 2022 జులై 1 నుండి నిషేధింపబడినవి. ఈ నియమముల భారము పెద్ద సంస్థలపైకంటె చిన్న కుటుంబ సంస్థలపై అధికముగ పడినది. అప్పుతో కొన్న యంత్రము పలుచని సంచికే పనికివచ్చునదైనచో, అది ఒక్క దినమున పాత ఇనుమగును.

సంచి పరిమాణమును సైతము చట్టమే నిర్ణయించుననుటకు మరియొక దృష్టాంతము కలదు. 2022 జులై 18 నుండి 25 కిలోల వరకు నింపి ముద్రవేసిన బియ్యముపై నూటికి 5 వంతున పన్ను విధింపబడెను. అంతట బజారులో 26 కిలోల సంచులు వెలసినవి. గృహిణికి కావలసినది 25 కిలోలో, 26 కిలోలో ఎవరును అడుగలేదు. ఒక్క కిలో బియ్యము హెచ్చించుటతో పన్ను తప్పెను. సంచుల కర్మాగారములు క్రొత్త కొలతకు సంచులు కోసినవి.

ఈ చరిత్రనంతయు చూచినవారికి ఒక్క సంగతి స్పష్టము. సంచి ఎన్నడును ఉచితము కాదు. దాని వెల ఎవరో ఒకరు చెల్లించుచునే యున్నారు. పెరికల కాలమున ఆ వెలను ఇంటివారి రెక్కలు చెల్లించినవి. గోనెమిల్లు కాలమున నీట నిలిచిన కూలివాడును, నారదుమ్ము పీల్చిన కార్మికుడును చెల్లించిరి. ప్లాస్టిక్ కాలమున భూమియు, నీరును, పశువులును చెల్లించుచున్నవి. వస్తువు చవకయైనదన్న మాట వినినప్పుడెల్ల, ఆ తగ్గిన వెల ఎవరి లెక్కలోనికి మారినదని విచారించుట వివేకవంతుల లక్షణము.

గోనె మంచిది, ప్లాస్టిక్ చెడ్డది యని ఒక్కమాటలో తేల్చుట న్యాయము కాదు. గోనెనాటి కష్టములు ఎరిగినవారు ఆ కాలము మరల రావలెనని కోరరు. అయినను మెట్టచెక్కలో మొలచి, పని తీరిన తరువాత మట్టిలో కలిసిపోవు నార నేటి ప్రపంచము వెదకుచున్న వస్తువే. ముడిసరుకు మనది, యజమాని మనవాడు, పనివాడు మనవాడుగా నుండు ఏర్పాటు పెరికల ఇంటిలో ఒకప్పుడు చిన్నప్రమాణమున సాధ్యమైనది. చిన్న యంత్రములు, బ్యాంకు అప్పులు, సహకార సంఘములు గల ఈ కాలమున అది పెద్దప్రమాణమున అసాధ్యమని ఎవరును నిరూపింపలేదు. చిట్టివలస, నెల్లిమర్లల అనుభవమును, చిన్న ప్లాస్టిక్ కుటుంబ సంస్థల అనుభవమును కలిపి చదివినవారికే ఆ మార్గము గోచరించును.

చదువుటకు మాత్రము వ్రాతలు మిగిలియుండవలెను. మిల్లు జీతపుచీట్లు, నార అమ్మిన రసీదులు, షావుకారు చిట్టాలు, సంఘముల కరపత్రములు, పాత సంచులపై అచ్చువేసిన గుర్తులు — ఇవి ఇంటింట అటకలపై చెదలు పట్టుచున్నవి. రాజధానిలోని పెద్ద భాండాగారములు వీనికై రావు. వీనిని కూడబెట్టి కాపాడగలది గ్రామ గ్రంథాలయమే. ఇరువదియైదు సంవత్సరములు ఊరికి పుస్తకములు చదువుటకిచ్చిన గ్రంథాలయము, రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో ఊరివద్దనుండి ఇట్టి కాగితములను కూడ అడిగి తీసికొనవలెను. ఖాళీసంచిని మూలకు విసరివేయుట లోకరీతి. దానిని దులిపి, మడిచి, భద్రపరచుట మన పెద్దల రీతి. చరిత్ర విషయమున ఆ రెండవరీతియే అనుసరింపదగినది.